ఎనిమిదడుగుల గుంజ నీడ

నా చిన్నప్పుడు మేము ఒమన్‌లోని నిజ్వాలో ఉండేవాళ్ళం. మా నాన్న ఒక కంపెనీలో ఫోర్‌మన్. ఒకరోజు సైట్‌లో పైనుంచి పడ్డాడు. మస్కట్ ఆస్పత్రిలో చేర్చారు. అమ్మ ఆయన దగ్గరే ఉండిపోవడంతో నన్ను పక్కింటి మామయ్య, అత్తయ్యల ఇంట్లో ఉంచారు. నాన్న ఎప్పుడొస్తాడని రోజూ వాళ్ళ ప్రాణం తీసేదాన్ని.

మామయ్య సర్వేయర్, కొలతల పిచ్చి మనిషి. నా పోరు పడలేక ఒక ఉపాయం పన్నాడు. వాకిట్లో ఎనిమిదడుగుల గుంజ పాతి, మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు వేలాడదీసి దాన్ని నిటారుగా నిలబెట్టాడు. పూర్వం చైనాలో ఇలాంటి గుంజ నీడను మధ్యాహ్నం కొలిచి ఏడాది లెక్క కట్టేవారని, ఆ లెక్కతోనే చక్రవర్తి దేశానికి పంచాంగం ఇచ్చేవాడని చెప్పాడు. అది తప్పితే రాజుకు ఆకాశం అండ పోయిందని జనం అనుకునేవారట. చలికాలంలో నీడ పెరిగి పెరిగి, ఒకరోజు ఆగి, తగ్గడం మొదలుపెడుతుందని, అప్పటికి నాన్న వచ్చేస్తాడని అన్నాడు.

ఇక నాకదే పని. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మసీదులో జుమ్మా బాంగు వినిపించే వేళకు టేపు పట్టుకుని కూర్చునేదాన్ని. నీడ వారం వారం పెరుగుతూనే ఉంది. ఓపిక చచ్చిపోయి, ఒక శుక్రవారం నోట్‌బుక్‌లో రెండంగుళాలు తగ్గించి రాసేశాను. నాన్న వచ్చేస్తున్నాడని అత్తయ్యకు కూడా చెప్పేశాను.

మామయ్య మళ్ళీ కొలిచి చూశాడు. తిట్టలేదు. "కాగితం మీద తగ్గిస్తే నీడ తగ్గదు బిడ్డా. ఉన్నదే రాయాలె" అన్నాడు.

నాకు ఉక్రోషం వచ్చింది. "మరి నాయిన వస్తడని నువ్వు చెప్పింది ఉన్నదేనా మామా?" అని అడిగాను.

ఆయన టేపు చుట్టి పక్కన పెట్టాడు.

"కాదు బిడ్డా. నాయిన ఇగ లేవడు. డాక్టర్లు ఎప్పుడో చెప్పిండ్రు."

పసిదానికి ఇలాగేనా చెప్పేదని అత్తయ్య ఆయన్ను నానా మాటలూ అంది. మూడు వారాలకు నాన్న పోయాడు.

నేనిప్పుడు రిటైరవబోతున్న నర్సుని. అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు చేతకాదు. వార్డులో ఎవరడిగినా ఉన్నదే చెబుతాను. నిజం చెప్పే మనిషినని మెచ్చుకుంటారు. నాకు మాత్రం, ఆ శుక్రవారం నోరు మూసుకుని ఉంటే, ఇంకో మూడు వారాలు నాన్న వస్తాడని ఎదురుచూసేదాన్ని కదా అనిపిస్తుంది.