ఇరవై నిమిషాల సిస్టరమ్మ

మా సిస్టరమ్మ పోయింది. మొన్న మంగళవారం పొద్దున, మెదడులో నెత్తురు గడ్డకట్టి, కరీంనగర్ దవాఖానలో. పాము కరిచిన ఎందరి నెత్తురో గడ్డకట్టాలని కాచుకు కూర్చున్న మనిషి గడ్డతోనే పోయిందంటే, ఏడుపుకన్నా ముందు నాకు కోపమొచ్చింది.

కోరుట్ల దగ్గర మా చిన్న దవాఖానలో ఆమె నర్సు, నేను ల్యాబ్ పిల్లను. పురుగు ముట్టిందని, అంటే పాము కరిచిందని, ఎవరైనా వస్తే, కొంచెం నెత్తురు తీసి గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. గడ్డకడితే కొంత నయం. నీళ్లలా జారిందా, రక్తపింజరి విషం ఒంట్లో పారినట్టే, విరుగుడు సూది వెయ్యాలి. నాకు ఓపిక తక్కువని మీకు చెప్పడానికి సిగ్గేముంది? ఒకసారి పదిహేను నిమిషాలకే గొట్టం వంచి చూశాను. సిస్టరమ్మ నా చేతిమీద ఒక్కటేసింది.

"నీ తొందర నెత్తురుకెందుకుంటది బిడ్డా? మల్ల తియ్యి."

ఆ ఇరవై నిమిషాలూ ఆమె మంచం పక్కనే స్టూలేసుకుని, కరిచినవాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఏ ఊరు, ఎందరు పిల్లలు, ఏం కూర వండినవ్ అని అడుగుతూ ఉండేది.

సిస్టరమ్మను కన్న అవ్వ పసుపు చేనులో రక్తపింజరి కరిచే చనిపోయిందని నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్ని పాముల విషంలోని ఎంజైములతో నెత్తురు పలుచబరిచే మందులు చేస్తారని మా డాక్టరు చెప్పినరోజు, తింటున్న ముద్ద ఆపి విన్నది.

"మా అవ్వనైతే తిన్నది. ఇంకెవలి అవ్వనన్న బతికిస్తదంటే బతికియ్యనీ" అని గిన్నె కడగడానికి లేచింది.

కరీంనగర్‌లో సిస్టరమ్మను చూస్తున్న డాక్టరును పట్టుకుని ఆ మందులే అడిగాను. "అవి ఇక్కడ వాడమమ్మా, టైం కూడా దాటిపోయింది" అన్నాడు. డ్యూటీ లేని రోజు ఇంట్లో ఒక్కతే ఉండగా పడిపోయిందట. ఎంతసేపు అట్లా పడి ఉందో ఎవరికీ తెలియదు. అందరి పక్కనా కూర్చున్న మనిషి పక్కన ఆ వేళ ఎవరూ లేరు. నాకు మింగుడుపడనిది ఇదే.

సమాధిలో తలా గుప్పెడు మట్టి వేసి కదిలాం. గొల్లపల్లి నుంచి వచ్చిన ఒక కూలి పెద్దమ్మ మాత్రం కదల్లేదు. చీలమండ దగ్గర నల్లటి కాటు మచ్చ.

"బస్సు పోతది, పా పెద్దమ్మా" అన్నాను.

"పోనీ బిడ్డా. ఆమె నా దగ్గర కూసున్నది. నేను జరసేపు కూసుంట."

తడిమట్టి మీద చెయ్యి ఆనించి, అట్లాగే కూర్చుంది.