నడి గోదావరిలో ఆగే పడవ

పందొమ్మిది వందల నలభై తొమ్మిది. అప్పుడు నేను జనగామలో ఇంజన్లు బాగుచేసే షాపులో మెకానిక్కును. బావుల మీది ఆయిల్ ఇంజన్లు, రైసు మిల్లులు, అప్పుడప్పుడు లారీలు, ఇదీ నా పని. పడవ ఇంజను ముట్టుకున్నది ఒక్కసారే.

మహదేవపూర్ అడవుల్లో కలప కొట్టించే ఒక గుత్తేదారుకు గోదావరి మీద చిన్న మోటారు పడవ ఉండేది. సంఘపోళ్ల, అంటే కమ్యూనిస్టుల, దళాలు అడవుల్లోకి చేరాక, అవతలి ఒడ్డున ఉన్న పోలీసులకు బియ్యం, ఉప్పు కూడా అందులోనే పోయేవి. ఉన్నట్టుండి ఆ పడవ మొరాయించడం మొదలుపెట్టింది. ఎక్కడో ఒకచోట ఆగితే ఎవరూ పట్టించుకోకపోదురు. ప్రతిసారీ నడి గోదావరిలో, ఇసుక తిప్ప పక్కనే ఆగేది. పడవ నడిపే రాజమల్లు దళానికి సైగ చేయడానికే ఆపుతున్నాడని అమీన్‌కు, అంటే అక్కడి పోలీసు అధికారికి, అనుమానం. ఒడ్డున నడిపి చూస్తే ఇంజను చక్కగా నడిచింది. ఇంకేముంది, రాజమల్లును క్యాంపులో పడేసి చావగొట్టారు. మెకానిక్ చూసి చెప్పేదాకా ఆగమని గుత్తేదారు బతిమాలితే, నన్ను పిలిపించారు.

నేను పోయేసరికి రాజమల్లు క్యాంపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. నాకు భయమేసింది. ఇంజను బాగుందని నేను ఒక్క మాటంటే ఈ మనిషి ఇల్లు చేరడు. ప్లగ్గు విప్పాను, నిప్పురవ్వ బాగానే పడుతోంది. కార్బ్యురేటరు, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం, శుభ్రంగా ఉంది. గొట్టంలో చెత్త లేదు. అమీన్ నా నెత్తిమీదే నిలబడ్డాడు. పాన పక్కనబెట్టి రాజమల్లు దగ్గరకు పోయి కూర్చున్నాను.

"రాజమల్లన్నా, ఆగినంక మల్ల ఎట్ల నడిపిస్తున్నవ్?"

"ఏం జేస్త బిడ్డా. పెట్రోలు అయిపోయిందేమో అని మూత ఇప్పి చూస్త. మస్తుగనే ఉంటది. మూత పెట్టి తిప్పితె మల్ల అందుకుంటది."

నేను లేచి పోయి ట్యాంకు మూత చూశాను. పాత ట్యాంకు తుప్పుపట్టి కారుతుంటే కొత్తది మా జనగామలోనే చేయించారట. పనితనం చూడగానే మనిషిని గుర్తుపట్టాను. నూనె మిల్లులకు డబ్బాలు చేసే మేస్త్రి ఆయన. గాలి చొరకుండా టంకం వేయడంలో ఆయనకు సాటి లేరు. మూత లోపల తోలు బిళ్ల కూడా వేశాడు. నూనె డబ్బాకు అది గొప్పే. పెట్రోలు ట్యాంకు మూతకు మాత్రం సన్నటి బెజ్జం ఉండాలి, మేము వెంట్ అంటాం. పెట్రోలు దిగినకొద్దీ పైనుంచి గాలి రాకపోతే ధార సన్నబడి ఆగిపోతుంది. రేవులో నిండా పోసుకుని బయల్దేరితే, తిప్ప దగ్గరికొచ్చేసరికి ఆ గతి పట్టేది. ఒడ్డున పరీక్ష చేసినప్పుడు గరాటు పెట్టి పోస్తూ నడిపారట, అందుకే మూత తీసే ఉంది.

ట్యాంకు నిండా పోయించి, మూత బిగించి, అమీన్‌ను పడవ ఎక్కించి నేనే నడిపాను. తిప్ప పక్కకు రాగానే ఇంజను ఆగింది.

"సాబ్, మూత మీరే ఇప్పుండ్రి" అన్నాను.

ఆయన తిప్పగానే ట్యాంకు సుయ్‌మని గాలి పీల్చుకుంది. మూతకు, తోలు బిళ్లకు కలిపి మొలతో బెజ్జం కొట్టాను. అవతలి ఒడ్డుదాకా ఆగకుండా పోయి తిరిగొచ్చాం.

ఆ సాయంత్రమే రాజమల్లును వదిలేశారు. తప్పయిందన్న మాట ఎవరి నోటా రాలేదు. పోయే ముందు అతను ఆ మూత అడిగి తీసుకుని, బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని బెజ్జంలోంచి చూశాడు.

"గింతదానికా నన్ను గంత కొట్టింది?" అన్నాడు.

వాచిన ఆ కంటికి మళ్లీ చూపు రాలేదని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఎన్నో ఇంజన్లు విప్పాను. ఏది ఆగిందన్నా, పాన పట్టకముందే దాన్ని నడిపే మనిషిని అడుగుతాను, ఎక్కడ ఆగింది, ఏం చేస్తే కదిలిందని. రాజమల్లును కొట్టకముందు ఎవరైనా ఆ ఒక్క మాట అడిగి ఉంటే, అతని కన్ను పోయేది కాదు.