కుడివైపు మోగని పడవ

పడవల యార్డులో ఆయన్ని సుత్తి మాస్టారంటారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠాలు చెప్పలేదు. పేరు విని వాగుడుకాయ అనుకుంటే అదీ తప్పే. ఆయన నోట్లోంచి నాలుగు మాటలు రాలడం గగనం. అమ్మకానికొచ్చిన పడవల్ని కొనేవాళ్ళ తరఫున పరీక్షించి, మంచీ చెడ్డా కాగితం మీద రాసివ్వడం ఆయన వృత్తి. ఆ పనికి ఆయన దగ్గరున్న ముఖ్యమైన పనిముట్టు గుప్పెట్లో ఇమిడే ప్లాస్టిక్ సుత్తి.

ఫైబర్ పడవ పొట్ట ఒకే పలక కాదు. పొర మీద పొర అతికించి చేస్తారు. పొరలు గట్టిగా పట్టుకుని ఉన్నచోట సుత్తితో తడితే టంగుమంటుంది. నీరు దిగి పొరలు విడిపోయినచోట దబ్బుమంటుంది. ఈ రెంటికీ మధ్య ఇంకో పదిరకాల చప్పుళ్ళున్నాయి. వాటిని గుర్తుపట్టడం మాస్టారికి మేనమామ నేర్పాడు. పడవలు తయారుచేసే షెడ్డులో మేనమామ ఫోర్‌మన్. మేనల్లుణ్ణి కళ్ళు మూసుకోమని, పడవ చుట్టూ తిప్పుతూ, "ఇదేంట్రా? మరి ఇదీ?" అని కొట్టి అడిగేవాడు. తప్పు చెబితే అదే సుత్తితో నెత్తిమీద తట్టి, "ఇది మాత్రం డొల్లే, అనుమానం లేదు" అనేవాడు.

ఆ అలవాటు ఆయన్ని పడవల దగ్గరే వదిలిపెట్టలేదు. పెళ్ళయిన కొత్తలో అద్దె ఇల్లు చూడటానికి వెళ్ళి గోడలన్నీ వేలితో కొట్టి చూశారు. ఆ ఇంటాయన కాసేపు ఓర్చుకుని, "ఇల్లు అద్దెకిస్తున్నానండీ, కూలగొట్టడానిక్కాదు" అన్నాడు. ఆ మాట చెప్పి భార్య ఇప్పటికీ చుట్టాల్ని నవ్విస్తుంది. ముప్ఫైనాలుగేళ్ళలో మాస్టారు రాసిచ్చిన కాగితంలో తప్పుందని వేలుపెట్టి చూపించినవాడు లేడు. ఆయనకున్న ఆస్తి అదే.

ఈమధ్య ఇంట్లో చిన్న పేచీ నడుస్తోంది. భార్య మాట మింగేస్తోందని మాస్టారి ఫిర్యాదు. ఆ రోజు పొద్దున కూడా అదే గొడవ.

"మూడుసార్లు పిలిచాను. టీ చల్లారిపోయింది" అంది ఆవిడ, కప్పు బల్లమీద పెడుతూ.

"గొణిగితే ఎలా వినపడుతుంది? నోరు విప్పి పిలవాలి."

"నేను గొణుగుతున్నానా?" ఆవిడ ఇంటి ముందుగదిలో పసిపిల్లల్ని చూసుకునే బడి నడుపుతోంది. "ఇరవైమంది పిల్లలు ఏడుస్తుంటే వాళ్ళందర్నీ దాటుకుని వెళ్తుంది నా గొంతు. ఒక్క మీ దగ్గరికొచ్చేసరికే దారి తప్పుతోంది."

మాస్టారు చల్లటి టీ తాగి, సుత్తి సంచిలో వేసుకుని బయల్దేరారు.

అమ్మకానికి పెట్టింది తెరచాప పడవ. నాలుగు పడకలు, వంటగట్టు, చిన్న స్నానాలగది, నెలల తరబడి సముద్రంమీద ఉండటానికి కావలసిన ఏర్పాట్లన్నీ ఉన్నాయి. ముందురోజే క్రేనుతో నీళ్ళలోంచి ఎత్తి ఇనప స్టాండ్లమీద నిలబెట్టారు. సొంతదారు ఒకప్పుడు మందుల షాపు నడిపినవాడు. యార్డులో అందరికీ మందులాయన. పడవలో ప్రతి గొట్టానికీ, ప్రతి తీగకీ, ప్రతి సొరుగుకీ మందు సీసాల మీద ఉన్నట్టు చీటీ అతికించి ఉంటుంది. అది ఎప్పుడు మార్చిందో, మళ్ళీ ఎప్పుడు మార్చాలో దానిమీద ముత్యాల్లాంటి అక్షరాలు. మోకాళ్ళు మొరాయించి నిచ్చెన దిగలేక అమ్ముకుంటున్నాడు.

కొనాలనుకుంటున్నది పళ్ళ డాక్టరమ్మ. క్లినిక్ ఏడాదిపాటు మూసేసి, తమ్ముడితో కలిసి ఆ పడవలో తిరిగి రావాలని ఆవిడ ఆలోచన. మాస్టారిని పిలిపించింది ఆవిడే.

"మీరు సరేనంటే సాయంత్రమే మాట ఇచ్చేస్తానండీ" అంది. "నాకు పడవల గురించి ఓనమాలు రావు. మధ్యసముద్రంలో నీళ్ళొస్తే మా తమ్ముడికి ఈత కూడా రాదు."

"ఈత వచ్చినా మధ్యసముద్రంలో ఎక్కడికి ఈదుతాడమ్మా?" అన్నాడు మందులాయన.

మాస్టారు పని మొదలుపెట్టారు. ఆయనకో పద్ధతుంది. ముందుకొస దగ్గర మొదలుపెట్టి, పడవ ఎప్పుడూ తన ఎడమచేతివైపు ఉండేలా చుట్టూ తిరుగుతారు. ఒళ్ళు కాస్త పడవ వైపు తిప్పి, ఎడమచెవి దగ్గరపెట్టి, జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోతారు. ఎడమవైపు పొట్ట మొత్తం కంచులా మోగింది. ఇంత బాగా చూసుకున్న పడవని ఆయన ఈమధ్య చూడలేదు. మందులాయన వెనకే నడుస్తూ, పొగిడితే విందామన్నట్టు ముఖం పెట్టాడు గానీ మాస్టారు పొగడలేదు.

చుక్కాని దగ్గర దారి మూసుకుపోయింది. ఎవరిదో తెరచాప కొయ్య పొడుగ్గా పడుకోబెట్టి ఉంది. కుడివైపున ఇంకో పెద్ద పడవ ఆనుకుని ఉన్నట్టే ఉంది. రెంటి మధ్యా సందు, మనిషి భుజాలు రాసుకునేంత. చేసేది లేక మాస్టారు మళ్ళీ ముందుకొసకి వచ్చి అటునుంచి సందులో దూరారు. ఇప్పుడు పడవ ఆయన కుడిచేతివైపుంది.

తట్టారు. దబ్బుమంది.

జానెడు జరిగి తట్టారు. దబ్బు. ఇంకో జానెడు. అదే. పది అడుగులు వెళ్ళినా ఒక్కచోట మోగలేదు.

ఆయనకేమీ అర్థం కాలేదు. పొరల్లోకి నీరు దిగితే అరచేయంత మేర దిగుతుంది, మహా అయితే పళ్ళెమంత. ఒకవైపు మొత్తం చచ్చిపోయి, రెండోవైపు కంచులా మోగే పడవని ఆయన చూడలేదు, వినలేదు. బయటికొచ్చి ఎడమవైపు మళ్ళీ తట్టారు. టంగుమంది. అంటే సుత్తికేం కాలేదు.

"నీళ్ళ ట్యాంకు కుడివైపుందా?"

"మధ్యలో ఉందండీ. నిన్ననే ఖాళీ చేశాను. చీటీ కూడా మార్చాను" అన్నాడు మందులాయన.

"కుడివైపు అరల్లో ఏముంది?"

పరుపులు, దుప్పట్లు, మడిచిన తెరచాపలు. పొట్టకి ఆనించి అవన్నీ కుక్కితే చప్పుడు తగ్గుతుంది, అది నిజమే. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అన్నీ దించమన్నారు. డాక్టరమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి పడవలోకెక్కి ఒక్కొక్కటీ అందించింది. మందులాయన కింద టార్పాలిన్ పరిచి, తిరిగి ఏది ఎక్కడ పెట్టాలో వరస తప్పకుండా పేర్చుకున్నాడు. అరగంట పట్టింది. మాస్టారు మళ్ళీ సందులోకెళ్ళి తట్టారు.

దబ్బు.

తేమ చూసే మీటరు తీశారు. పడవ నీళ్ళలోంచి లేచి ఒక్కరోజే అయింది కాబట్టి ముల్లు అన్నిచోట్లా మధ్యలోనే ఊగిసలాడింది. మోగే ఎడమవైపూ, మోగని కుడివైపూ దానికి ఒకటే. పక్కనున్న పెద్దపడవ చప్పుణ్ణి మింగేస్తోందేమో అనుకున్నారు. ఒక పడవ ఇంకో పడవ చప్పుణ్ణి మింగడమేమిటని ఆయనకే అనిపించింది. చీటీల మనిషి చీటీల చాటున ఏదైనా దాచాడా అని కూడా అనుమానం వచ్చింది. ఒకవైపు మొత్తాన్ని ఎలా దాస్తాడో మాత్రం ఊహకందలేదు.

"ఏమైనా ఉందాండీ?" అని బయటనుంచి డాక్టరమ్మ అడిగింది.

"చూస్తున్నానమ్మా."

అప్పుడే ఫోను మోగింది. ఎడమచేత్తో మీటరు పట్టుకుని ఉండటం వల్ల కుడిచేత్తో తీసి కుడిచెవికి పెట్టుకున్నారు. అవతల ఎవరూ లేరు. హలో అన్నారు, రెండుసార్లు అన్నారు. పాడు సిగ్నలు అనుకుని, ఫోను చెయ్యి మార్చి ఎడమవైపు పెట్టుకున్నారు.

"—ముందుగదిలో బల్లమీదే వదిలేసి వెళ్ళారు కళ్ళజోడు! వినపడుతోందా? పిల్లాడొకడు దాంతో ఆడుతున్నాడు!"

"ఇందాకట్నించీ మాట్లాడుతున్నావా?"

"లేదు, పాట పాడుతున్నాను. మాట్లాడకపోతే ఎందుకు చేస్తాను?"

మాస్టారు ఫోను మళ్ళీ కుడిచెవి దగ్గరికి తీసుకెళ్ళారు. ఎక్కడో గోడ అవతల ఈగ తిరిగినట్టుంది. ఎడమచెవికి పెట్టారు. భార్య గొంతు. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. "ఏం చేస్తున్నారండీ అక్కడ?" అని ఆవిడ అడుగుతూనే ఉంది. మళ్ళీ చేస్తానని పెట్టేశారు.

సందులో రెండు పడవల మధ్య ఆయన అలాగే నిలబడిపోయారు. చెవిటివాడైపోతే ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఊహించి ఉంటే, లోకం మొత్తం నిశ్శబ్దమవుతుందనుకునేవారు. ఇలా ఒక పక్కనుంచి, చెప్పకుండా, జేబు కత్తిరించినట్టు పోతుందని అనుకోలేదు.

బయటికొచ్చి, వెనక్కి తిరిగి, వీపు ముందుకు పెట్టి మళ్ళీ సందులోకి నడిచారు. అలా వెళ్తే పడవ ఎడమవైపుకొస్తుంది.

"అదేం నడకండీ మాస్టారూ?" అన్నాడు మందులాయన.

"రెండోసారి ఇలాగే చేస్తారు."

తట్టారు. టంగుమంది. ప్రతి జానెడుకీ టంగు. పడవ నిక్షేపంలా ఉంది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. అలా వెనక్కి వెనక్కి నడుస్తూ, నీళ్ళలో మునిగే భాగంలో, మోకాలి ఎత్తున ఒకచోట తట్టేసరికి చప్పుడు మారింది. అరచేయంత మేర. దబ్బు కాదు, టంగు కాదు. మళ్ళీ కొట్టారు. పదిసార్లు కొట్టారు. ఒకసారి ఒకలా, ఒకసారి ఒకలా వినిపించింది.

"ఇక్కడేదైనా చేశారా?" అని కేకేశారు.

మందులాయన వంగలేక వంగి చూశాడు. "లోతు కొలిచే పాత యంత్రం ఉండేదండీ అక్కడ. తీసేసి ఆ చిల్లు నేనే పూడ్చాను. పదకొండేళ్ళయింది. చుక్క నీరు రాలేదు."

"పూడ్చిన పన్ను కూడా పక్కపన్నులా మోగదు" అంది డాక్టరమ్మ. "అంతమాత్రాన లోపల కుళ్ళినట్టు కాదు కదండీ?"

"కాదమ్మా. పూడ్చినచోటి చప్పుడు వేరు. నీరు దిగినచోటి చప్పుడు వేరు."

"మరి ఇది ఏది?"

నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన సంగతది. నోటివరకూ వచ్చిన మాట పూడ్చిన చప్పుడే అని. మందులాయన చేతిపని అబద్ధమాడదని కూడా అనిపించింది. కానీ అలా అనిపించింది చెవికి కాదు. సుత్తి డాక్టరమ్మకి అందించి, "మీరు కొట్టండి" అన్నారు. ఆవిడ సందులో దూరి, రోగి పన్ను తట్టినట్టు సున్నితంగా తట్టింది. పక్కన తట్టింది. మళ్ళీ అక్కడ.

"తేడా తెలుస్తోంది. తేడా ఏమిటో తెలియట్లేదు" అంది.

"నాకూ తెలియట్లేదమ్మా."

ఆవిడ నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"నాకు కుడిచెవి వినపడట్లేదు. ఇప్పుడే తెలిసింది, ఆ ఫోనొచ్చినప్పుడు. ఎడమదాన్నయినా ఎంతవరకు నమ్మాలో అర్థం కావట్లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తెలీదు."

"మరి ఇంతకుముందు చూసిన పడవలు?"

"పద్ధతి ప్రకారమైతే అన్నీ ఎడమచెవితోనే చూశాను." గోడల పక్కన, షెడ్ల మూలల్లో ఇరుక్కున్న పడవలు ఒకటో రెండో కళ్ళముందు మెదిలాయి. అవి ఏ సంవత్సరమో, అప్పుడు ఎటునుంచి నడిచారో ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. "అనుకుంటాను" అన్నారు.

నిచ్చెన మెట్టుమీద కూర్చుని కాగితం రాశారు. కళ్ళజోడు లేదు కాబట్టి దూరంగా పట్టుకుని, పెద్ద అక్షరాలతో. పరీక్ష కాగితంలో బాగుంది, బాగోలేదు, మరమ్మతు కావాలి అని మూడు గడులుంటాయి. దాదాపు అన్నింటికీ మొదటి గడిలోనే టిక్కు పెట్టారు. పూడ్చినచోటుకి వచ్చేసరికి మూడు గడులూ వదిలేసి, పక్క ఖాళీలో ఇలా రాశారు: 'ఈ చోటు నాకు తెలియలేదు. పడవని పదిహేను రోజులు ఎండనిచ్చి మీటరుతో చూడాలి. కుడిచెవి వినిపించనందువల్ల కుడివైపు పొట్టని వెనక్కి నడుస్తూ ఎడమచెవితో పరీక్షించాను.' సంతకం చేశాక ఇంకోసారి చదువుకున్నారు. ఇలాంటి కాగితం చూసినవాడెవడూ తనని మళ్ళీ పిలవడని తెలుసు. చించేద్దామా అనిపించింది. చించి ఏం రాయాలో కూడా తోచలేదు. డాక్టరమ్మకిచ్చారు.

ఆవిడ చదువుతుండగా మందులాయన మాస్టారి కుడిపక్కకొచ్చి ఏదో అన్నాడు. గోడ అవతల ఈగ. మామూలుగా అయితే తల ఊపి ఊరుకునేవారు. ఎన్నిసార్లు అలా ఊపారో, వేటికి ఊపారో.

"అటు వినపడదండీ. ఇటొచ్చి చెప్పండి."

మందులాయన మోకాళ్ళు పట్టుకుని నిచ్చెన చుట్టూ తిరిగి ఎడమపక్కకొచ్చాడు. "పదిహేను రోజులు ఆగుతానంటున్నాను. డాక్టరమ్మ ఆగితే. ఎండాక చూడటానికి ఎవరొస్తారని అడిగాను. మీరేనా?"

మాస్టారు డాక్టరమ్మ వైపు చూశారు. ఆవిడ కాగితం మీదనుంచి తల ఎత్తింది.

"నేనూ ఆగుతాను. ముందు మీ చెవి ఎవరికైనా చూపించుకోండి" అంది. "గుబిలి గడ్డకట్టిందో, వయసో తేలాలి కదా. అది తేలకుండా మిమ్మల్ని రమ్మననూ లేను, వద్దననూ లేను."

గుబిలి సంగతి మాస్టారికి తట్టనేలేదు. గుబిలే అయితే రేపటికి అంతా మామూలైపోవచ్చు. వయసే అయితే ఈ రోజుతో సరి. రెండూ ఒకే చెవిలో ఉన్నాయి, బయటికి ఒకేలా ఉన్నాయి. టార్పాలిన్ మీద పరుపులు, దుప్పట్లు అలాగే ఉన్నాయి. డాక్టరమ్మ మళ్ళీ పడవలోకెక్కింది, మందులాయన వాటిని వరసలో ఆవిడకి అందించడం మొదలుపెట్టాడు. ఏం చేయాలో తెలియక మాస్టారు కూడా ఒక దుప్పటి అందుకున్నారు.