పెండ్లివారి ఇనప్పెట్టె

ఆ రోజుల్లో ఇనుమును నిప్పుతో కోస్తారంటే మా వైపు పల్లెల్లో నమ్మేవారు కాదు. కట్టెను రంపంతో కోస్తారు, గుడ్డను కత్తెరతో కోస్తారు, ఇనుమును మంటతో కోయడమేమిటని నవ్వేవారు. ఇప్పుడు కరెంటునూ గాలినీ కలిపి సన్నటి మంటగా చిమ్మే మిషన్లు వచ్చాయి. కోసే మనిషి ముఖానికి ముసుగు, చేతులకు గ్లౌజులు, ఒంటికి తోలు కోటు తొడుక్కుని పెండ్లికొడుకంత తీరుబడిగా తయారవుతాడు. వాళ్లను చూసినప్పుడల్లా నాకు గౌరవంతోపాటు కొంచెం సిగ్గు కూడా కలుగుతుంది. ఆ తయారవడం పనిలో భాగమేనని నేను ఎంత ఆలస్యంగా తెలుసుకున్నానో, ఎంతమంది ముందు తెలుసుకున్నానో చెబుతాను.

మాది పోచంపల్లి. ఇంట్లో రెండు మగ్గాలుండేవి. నాయిన మగ్గం గుంటలో కూర్చుంటే ఆయన పక్క మగ్గంలో నేను కూర్చోవాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. నాకేమో చేతిలోంచి నిప్పులు రాలాలని కోరిక. ఇరవై ఏండ్లు నిండగానే భువనగిరిలో లారీలు బాగుచేసే షెడ్డులో చేరి, ఏడాదిలోపే గ్యాసు కటింగ్ నేర్చుకున్నాను. మా దగ్గర రెండు పొడవాటి ఇనప సిలిండర్లుండేవి, సీసాలనేవాళ్లం, ఒకటి ఆక్సిజన్‌ది, ఇంకొకటి గ్యాసుది. రెండింటి నుంచీ రెండు రబ్బరు గొట్టాలు వచ్చి ఒక ఇత్తడి టార్చిలో కలిసేవి. దాని మూతి దగ్గర వెలిగిస్తే నీలం మంట. ఆ మంటతో ఇనుమును ఎర్రగా కాల్చి, టార్చి మీది మీట నొక్కితే ఆక్సిజన్ జోరుగా వచ్చి, కరిగిన ఇనుము పూలజల్లులా వెనక్కు రాలేది. ఆ జల్లును చూసినప్పుడల్లా లోకాన్ని నేనే ఏలుతున్నట్టు ఉండేది.

షెడ్డు పెద్దను మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడితే మాత్రం జాగ్రత్తలే. "నూనె చేతులతోని ఆక్సిజన్ సీస ముట్టకు", "నల్లద్దాలు నెత్తి మీద పెట్టుకునేటందుకు కాదు, కండ్లకు పెట్టుకునేటందుకు", "ప్యాంటు అంచు పైకి మడవకు, నిప్పురవ్వలు వచ్చి అండ్లనే కూసుంటయ్", "మూత వెట్టిన డబ్బ అయితే లోపలేమున్నదో తెలువకుండ కొయ్యకు". ఇవన్నీ నేను అప్పజెప్పగలిగేవాణ్ని. పాటించడం మాత్రం ముసలివాళ్ల పని అనుకునేవాణ్ని. అప్పుడు నాకు ఒక టెర్లిన్ చొక్కా ఉండేది. (భువనగిరిలో అలాంటిది ఇంకెవరికీ లేదని నా నమ్మకం.) ప్యాంటు అంచులు రెండు వేళ్ల వెడల్పున మడిచి ఇస్త్రీ చేయించేవాణ్ని. జేబులో పచ్చటి దువ్వెన. షెడ్డులో నా పేరు పోయి 'టెర్లిన్' మిగిలింది.

ఒక ఎండాకాలం పొద్దున ఉస్తాద్ కొత్త సీసా కోసం పట్నం వెళ్లాడు, పది గంటల రైలుకు తిరిగివస్తానన్నాడు. ఎనిమిది కూడా కాలేదు, ఒకాయన సైకిలు మీద రొప్పుతూ వచ్చి షెడ్డు ముందర దిగాడు. మూడు మైళ్ల దూరంలోని ఊరి నుంచి వచ్చాడు. ఆ రోజే ఆయన మేనకోడలి పెండ్లి.

"ఇనప్పెట్టె తాళంచెయ్యి బాయిల పడ్డది" అన్నాడాయన. "మా బావ నీళ్లు చేదుకుంట వంగిండు, మొలతాడుకున్నది జారి పడ్డది. పుస్తెలు, మట్టెలు, పెండ్లి చీర అన్నీ పెట్టెలనే ఉన్నయ్. పదకొండు గంటలకు ముహూర్తం."

"బాయిల దిగి ఎతకలేదా?"

"ఇద్దరు ఈతగాండ్లు దిగిన్రు. పోయిన ఏడు పడ్డ బక్కెట దొరికింది, దాని ముందటేడు పడ్డ బిందె దొరికింది. తాళంచెయ్యి దొరకలే."

ఉస్తాద్ వచ్చేదాకా ఆగితే బాగుండేది. కానీ పెండ్లివారింట్లో, అంతమంది ముందు, ఇనప్పెట్టెను మంటతో కోయడం! నా గుండె అప్పటికే బండెక్కింది. పక్కనున్న చాయ్ హోటలాయనకు ఫలానా ఊరికి పోతున్నానని ఉస్తాద్‌కు చెప్పమన్నాను. సీసాలను ఎడ్లబండి మీద నిలబెట్టి తాళ్లతో కట్టించాను. నల్లద్దాలు వేసుకున్నాను, గ్లౌజులు షెడ్డులోనే మరిచిపోయాను, దువ్వెన మరిచిపోలేదు.

మేము చేరేసరికి పది కావచ్చింది. ఇల్లంతా చుట్టాలతో కిటకిటలాడుతోంది. పెండ్లికూతురు తండ్రి మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు, ఆయన ముఖం చూస్తే బాయిలో పడ్డది తాళంచెవి కాదు ఆయనే అనిపించింది. ఎనిమిది మంది కలిసి ఇనప్పెట్టెను వాకిట్లోకి మోసుకొచ్చారు. ఆకుల పందిరికి దూరంగా పెట్టించాను (అంతమాత్రం తెలివి ఉండింది), కానీ అందరికీ కనబడేంత దూరంలోనే పెట్టించాను. ఆడవాళ్లు అరుగు మీద, మగవాళ్లు చుట్టూరా, పిల్లలు గోడల మీద నిలబడ్డారు. కిటికీలోంచి పెండ్లికూతురు కూడా పసుపు ముఖంతో చూస్తోంది. జనం ముఖాలు బాగా కనబడాలనో, నా ముఖం జనానికి బాగా కనబడాలనో, నల్లద్దాలను నుదుటి మీదికి జరుపుకున్నాను.

టార్చి వెలిగించగానే "అబ్బో" అన్నారు. తలుపును పెట్టెకు పట్టివుంచే బందు మీద మంట పెట్టాను. ఇనుము ఎర్రబడింది. మీట నొక్కాను. రవ్వలు ఎగిరాయి, జనం "హో" అంటూ ఒక అడుగు వెనక్కు వేశారు, మళ్లీ రెండడుగులు ముందుకు వచ్చారు. నాకు ఒళ్లు తెలియని సంతోషం. టెర్లిన్ చొక్కాకు జల్లెడలా బొక్కలు పడుతున్నాయి, ఒక్కొక్క రవ్వ చీమలా కుడుతోంది, అయినా నవ్వుతూనే ఉన్నాను. బందులో బొటనవేలంత గాడి పడింది.

అప్పుడు అరుగు మీద కూర్చున్న పెండ్లికూతురు అవ్వ, వక్క నములుతూ, ఏదో పెరుగు కుండ సంగతి చెప్పినట్టు చెప్పింది. "జర పైలం బిడ్డా. పోరగాండ్లు ముడుతరని పటాకులు గూడ అండ్లనే పెట్టిన."

మూత పెట్టిన డబ్బా గురించి ఉస్తాద్ చెప్పిన మాట నా చెవిలో మోగేలోపే పెట్టె కడుపులో 'టప్' మంది. ఆ వెంటనే 'టపటపటప' మని ఒక సరం అంటుకుంది. గోడల మీది పిల్లలు అవతలికి దూకారు, మగవాళ్లు ఇవతలికి ఉరికారు, అరుగు మీద ఒక్క అవ్వ తప్ప ఎవరూ మిగలలేదు. వీధి చివర ఉన్న డప్పులవాళ్లు ఆ చప్పుడు విని మగపెండ్లివారు బయలుదేరారనుకుని వాయించడం మొదలుపెట్టారు. ఆ డప్పులు విని, తమను పిలుస్తున్నారనుకుని మగపెండ్లివారు విడిది నుంచి నిజంగానే బయలుదేరారు.

నేనూ ఉరికాను. అంటే, ఉరుకుదామనుకున్నాను. రబ్బరు గొట్టాలు రెండూ కాళ్లకు చుట్టుకుని ఉన్నాయి. ఒక అడుగు వేయగానే సీసాల పక్కన బోర్లాపడ్డాను. చేతిలో టార్చి బుస్సుమంటోంది. ఎక్కడికీ పోలేని మనిషి చేయగలిగింది ఒకటే ఉంది, రెండు సీసాల మీటలూ కట్టేశాను. మంట ఆరింది. అప్పటికి నా కాలు దగ్గర పొగ. మడిచిన ప్యాంటు అంచులో నిప్పురవ్వ కూర్చుని తీరుబడిగా గుడ్డను తింటోంది. కాలు విదిలిస్తున్నాను, గొట్టం వదలడం లేదు.

ఎవరో కుండెడు నీళ్లు నా కాళ్ల మీద గుమ్మరించారు. తల ఎత్తి చూస్తే పెండ్లికూతురు. పసుపు నీళ్లు కారుతున్న చీరతో, చేతిలో ఖాళీ కుండతో నిలబడి ఉంది.

"పెట్టెల నా చీర కాలుతదా?" అని అడిగింది.

"తెల్వదమ్మా" అన్నాను. ఆ రోజు నేను ఆడిన మొదటి నిజమైన మాట అదే.

సరిగ్గా అప్పుడు వాకిలి ముందు కిరాయి సైకిలు ఆగింది. చెమటతో తడిసిన ఉస్తాద్ దిగాడు. పెట్టెను చూశాడు, నన్ను చూశాడు, నా చొక్కాను కాసేపు చూశాడు. తిడతాడని కండ్లు మూసుకున్నాను.

"ఎవలికన్న దెబ్బ తాకిందా?" అన్నాడు. లేదని తెలుసుకుని, అవ్వ దగ్గరకు వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. "అవ్వా, లోపల ఏమేం పెట్టినవో ఒక్కొక్కటి చెప్పు. నిమ్మలంగ చెప్పు."

అవ్వ వేళ్లు మడుస్తూ చెప్పింది. పుస్తెలు, మట్టెలు, చీర, పటాకులు, పటాకుల పక్కన సెంటు సీసా. (సెంటంటే సగం స్పిరిటే, నిప్పు తగిలితే భగ్గుమంటుంది.) ఉస్తాద్ లేచి, పెట్టె చల్లారేదాకా ఎవరూ దగ్గరికి రావద్దన్నాడు. చప్పుడు ఆగి చాలాసేపైన తర్వాత తనే వెళ్లి చెంబులతో మెల్లగా నీళ్లు పోశాడు. పెట్టె పొగలు కక్కి ఊరుకుంది. తర్వాత తాళం రంధ్రంలో కిరసనాయిలు పోసే గరాటు పెట్టి, దానిలోంచి నీళ్లు పోయించడం మొదలుపెట్టాడు. అంచుల నుంచి కారిపోతున్నా ఆపలేదు, ఇరవై బిందెలు పోయించాడు.

"పెండ్లి చీర ముద్దయితది కద" అన్నాడు పెండ్లికూతురు తండ్రి ఏడుపు గొంతుతో.

"తడిస్తె పిండుకోవచ్చు. కాలితె ఏం చేస్తవు?" అన్నాడు ఉస్తాద్.

పంతులుగారు గడియారం చూసి, పంచాంగం తిరగేసి, ఆ ముహూర్తంలోనే ఇంకో అరగంట వెతికి పెట్టారు. ఉస్తాద్ మగపెండ్లివారిని వీధి మలుపులోనే ఆపించి, జనాన్నంతా వీధి అవతలికి పంపించాడు. నీళ్ల బక్కెట్లతో ఇద్దరిని మాత్రం నిలబెట్టాడు. ఇక తనే కోస్తాడని నేను పక్కకు తప్పుకుంటే, టార్చి నా చేతికే ఇచ్చాడు.

"నాతోని కాదు ఉస్తాద్" అన్నాను.

"ఇయ్యాల చెయ్యకపోతె ఎన్నడు చెయ్యవు" అన్నాడు. చొక్కా విప్పించి, సైకిలు మీది సంచిలోంచి తన పాత నూలు కోటు తీసి తొడిగాడు. చొక్కా జేబులోంచి పచ్చ దువ్వెనను రెండు వేళ్లతో పట్టి తీసి, "గిది అగ్గిపెట్టె కన్న జల్ది అంటుకుంటది" అని దూరంగా పెట్టాడు. సబ్బుతో చేతులు కడిగించాడు. తన గ్లౌజులు ఇచ్చాడు. ప్యాంటు అంచులు కిందికి దించాడు. నల్లద్దాలు తన చేత్తోనే నా కండ్ల మీదికి లాగాడు. గొట్టాలను నా వెనక తిన్నగా పరిచాడు. నేను ఏడాదిగా నవ్వుకున్న ప్రతి మాటనూ ఒక్కొక్కటిగా నా ఒంటి మీద తొడిగినట్టయింది. విచిత్రమేమంటే, అవన్నీ తొడిగేసరికి భయం తగ్గింది.

ఈసారి జనం కనబడలేదు. నల్లద్దాల్లోంచి ఎర్రటి గీత ఒక్కటే కనబడింది. ఆ గీత వెంబడే పోయాను. మొదటి బందు తెగింది, రెండోది తెగింది. గడ్డపారతో ఎత్తితే తలుపు ఊడి, బండెడు నీళ్లు వాకిట్లోకి దూకాయి. నీళ్లతోపాటు నానిన పటాకులు, బూడిద, చెక్కుచెదరని సెంటు సీసా వచ్చాయి. పుస్తెల డబ్బా భద్రం. చీరకు ఒక మూల చేయి వెడల్పున మాడింది, మిగిలిందంతా నీళ్లోడుతోంది. పెండ్లికూతురు దాన్ని విప్పి చూసి, మాడిన మూల లోపలి చెరగులో పడేలా తిప్పి, "ఎండకు ఆరుతది తియ్యి" అంది. నలుగురు ఆడవాళ్లు పట్టి పిండారు. ఆమె ఆ తడి చీరలోనే పీటల మీద కూర్చుంది. పుస్తె కట్టేటప్పటికి సగం ఆరింది కూడా.

భోజనాల దగ్గర మగపెండ్లివారి పెద్దాయన ఒకడు పటాకులు లేవేమని సణిగాడు. "మీరు విడిదిల నుంచి ఎల్లినప్పుడే కాల్చినం కద, ఇనలేదా?" అన్నాడు మేనమామ. విన్నామని ఒప్పుకోక ఆయనకు తప్పలేదు. నా చుట్టూ మాత్రం ఇంకో కథ పెరుగుతోంది. "ఊరంత ఉరికింది, గీ పిలగాడు ఒక్కడే నిలవడి గ్యాసు బంద్ చేసిండు" అని ఒకరి తర్వాత ఒకరు వచ్చి భుజం తట్టారు. పెండ్లికూతురు తండ్రి కొత్త నూలు చొక్కా గుడ్డ తెచ్చి చేతిలో పెట్టాడు. ఉస్తాద్ పక్కనే కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నాడు.

తిరుగు దారిలో కిరాయి సైకిలును కూడా ఎడ్లబండి మీదికే ఎక్కించి, సీసాలకు చెరో పక్క కూర్చున్నాం. సగం దారి పోయాక అడిగాడు.

"గొట్టాలు కాళ్లకు సుట్టుకున్నయ్ గద?"

అబద్ధమాడదామనుకున్నాను. ఆయన చూపు నా కాలి మడమ మీద, గొట్టం ఒరుసుకున్న ఎర్రటి చార మీద ఉంది. "అవ్ ఉస్తాద్" అన్నాను.

"వాండ్లకు చెప్పకు" అన్నాడాయన, ఎడ్ల వైపు చూస్తూ. "సంతోషపడ్డరు, పడనియ్యి. నువ్వు మాత్రం యాది పెట్టుకో."

ఆ మాట నిలబెట్టుకున్నాను. ఉస్తాద్ పోయి చాలా ఏండ్లయింది. ఆ ఊరివైపు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు నా ధైర్యం గురించి పిల్లలకు చెప్పేవారు, నేను మీసం దువ్వుకుంటూ ఊరుకునేవాణ్ని. ఇంతకాలానికి మీకు చెప్పేశాను. తప్పంటారా? ఉస్తాద్ ఉంటే ఏమీ అనేవాడు కాదు. జల్లెడ చొక్కాతో నేల మీద బోర్లాపడ్డ ఆ ఇరవయ్యొక్కేండ్లవాడు మాత్రం కొంచెం అలుగుతాడేమో. అలగనివ్వండి, వాణ్ని చూసి చాలా రోజులైంది.