ఒళ్లు మాట ఎత్తని గదులు

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని వస్తుంటే మా ల్యాబ్ సీనియర్ ఫోన్ చేశాడు. "మేడం పోయిందిమ్మా. గుండె ఆగిపోయిందంట" అని ఏడ్చాడు. ఆయన ఏడవగా వినడం నాకదే మొదలు.

మేడం మానసిక వైద్యురాలు. లావైపోతామన్న భయంతో తిండి మానేసే ఎదిగే వయసు పిల్లలకు నంద్యాలలో వైద్యం చేస్తూ, ఆ జబ్బు మీద పరిశోధన చేసేది. ల్యాబ్ అని పేరే గానీ ఉన్నవి రెండు అద్దె గదులు, పనిచేసేది కొద్దిమందిమి.

పని అడగడానికి వెళ్లిన రోజే, నాకూ ఆ జబ్బు ఉండేదని చెప్పేశాను. సీనియర్ మొహం చిట్లించి నా ఎదుటే అన్నాడు: "మళ్లా తిరగబెడితే ఎట్ల మేడం? ఈమెను పిల్లోళ్ల ముందర ఎట్ల కూర్చోబెడతాం?"

"తిరగబెడితే మనం లేమా ఏందప్పా? నీకు జ్వరమొస్తే పని నుంచి తీసేస్తానా?" అంది మేడం. తరువాత నాతో విడిగా, "బాగలేని దినం నాతో చెప్పు. దాస్తేనే నాకు కోపమొస్తాది" అంది.

"చిక్కినావే", "ఒళ్లు చేసినావే" అన్న పలకరింపులు ఆ గదుల్లో వినబడకూడదు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన, "సన్నబడి బాగున్నారు మేడం" అన్నాడు. "ఈడ ఆ మాట వద్దు సార్, పక్క గదిలో పిల్లలుండారు" అందామె, టీ అందిస్తూనే. మధ్యాహ్నం అందరం కలిసే తినేవాళ్లం. నాకు ముద్ద దిగని రోజు ఎవరూ నా కంచం వైపు చూసేవారు కాదు. అలా చూడకపోవడం ఆమె నేర్పిందే.

అయినా ఆళ్లగడ్డ పాప మాకు దక్కలేదు. మా దగ్గర వైద్యానికి వచ్చిన, ఇంటర్ చదివే పిల్ల. సెలవులకు ఇంటికి వెళ్లి, ఆ జబ్బుతోనే అక్కడ చనిపోయింది. కబురు తెలియగానే ఒకరినొకరం తప్పుపట్టుకున్నాం. "పాపతో చివరగా మాట్లాడింది ఈమే గదా" అని సీనియర్ నన్ను చూపించాడు. మేడం అడ్డుపడింది. "ఈడ పెద్దదాన్ని నేను. ఎవరన్నా అడిగితే నేను చెప్పుకుంటా. మీరు ఒకరి మీద ఒకరు తోసుకోవద్దండి." ఆ మాట అని మా ముందే ఏడ్చింది.

అందరం ఆళ్లగడ్డ వెళ్లాం. "మీ తాన బతుకుతాదని పంపిస్తి. ఏం చేస్తిరి మీరు?" అని పాప తల్లి నిలదీసింది. నెపాన్ని పాప జబ్బు మీదికి నెట్టలేదు మేడం. "కాపాడుకోలేకపోతిమమ్మా" అంది, అంతే. తల్లి తలుపు వేసుకుంది.

ఆ తరువాత కూడా మేడం వెళుతూనే ఉంది. తలుపు తెరుచుకోకపోతే కాసేపు అరుగు మీద కూర్చుని వచ్చేసేది. ఎందుకు మేడం అంటే, "ఆయమ్మ తీయకపోయినా, మనం వచ్చినామని తెలియాల" అనేది. ఆ తలుపు తెరుచుకోగా ఆమె చూడలేదు.

మేడం సమాధి దగ్గర అందరూ మట్టి వేసి వెళ్లిపోతుండగా ఆళ్లగడ్డ పాప తల్లి వచ్చింది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది. చెప్పులు విడిచి, వంగి పిడికెడు మట్టి తీసుకుంది. వేయలేకపోయింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, పిడికిలి బిగించి, అలాగే నిలబడిపోయింది.