వాకిట్లో రోకలి, వంటింట్లో నిప్పుముద్ద

యుద్ధం నడుస్తున్న రోజులవి. ఓ మధ్యాహ్నం మేడ్చల్‌లో వడగళ్లు మొదలయ్యాయి. అవి ఆగాలంటే ఇంటి కోడలు రోకలిని వాకిట్లో పడేయాలని మా వైపు ఆచారం. వదిన తలుపు తీసి రోకలి విసిరింది. అప్పుడే ఒక నిప్పుముద్ద గడప దాటొచ్చి, వంటింట్లో బిందెల మీదుగా తేలుతూ పోయి మాయమైందట. చూసింది వదిన ఒక్కతే. మేం వెళ్లేసరికి అక్కడేమీ లేదు.

"రోకలేసి దయ్యాన్ని పిలిసింది," అని అమ్మ తేల్చేసింది. అన్నయ్య మర్నాడే వదినను షామీర్‌పేటలో పుట్టింట్లో దింపి వచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు నాది పట్నంలో కాలేజీ చదువు. శాస్త్రం ఒక్క కారణం చెబితే చాలు, వదిన ఇంటికొచ్చేస్తుందనుకున్నాను. నాకు ఒకచోట కాలు నిలవలేదు. నేలలోంచి వచ్చే వాయువు మండుతుందని ఒక మాస్టారన్నారు. సుడి తిరిగే విద్యుత్తని ఇంకొకరన్నారు. అంతసేపు ఎలా నిలుస్తుందని అడిగితే విసుక్కున్నారు. మెరుపు చూశాక కంట్లో మిగిలే మచ్చే తప్ప బయట ఏ ముద్దా ఉండదని ఒక పుస్తకంలో ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. రానిదాన్ని పిలిచావని ఎవరంటారు?

ఆ పూటే షామీర్‌పేట వెళ్లాను. వదిన బియ్యం ఏరుతోంది. పుస్తకంలో ఉన్నది చెప్పాను.

"కండ్లు చెదిరినయని అమ్మకు చెప్పు వదినా. ఇగ ఇంటికి పోదాం."

"ఆ పుస్తకం రాసినాయిన మన వంటింట్ల ఉండెనా? నేను సూసిన. సూడలేదని మాత్రం అన."

ఆమె మీదే కోపమొచ్చి తిరిగొచ్చేశాను.

ఆ వేసవిలోనే మళ్లీ వడగళ్లు పడ్డాయి. ఇంట్లో కోడలు లేదు. అమ్మ కాసేపు చూసి తనే రోకలి విసిరింది. తలుపు బార్లా తెరిచి, గడపకెదురుగా కూర్చుంది. నేను వెనక అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. వాన వెలిసింది. ఏదీ రాలేదు.

"రోకలికి వచ్చేదయితే నాకు గూడ రావాలె గద," అంది అమ్మ అన్నయ్యతో. "పోయి దాన్ని తోల్కరా."

వదిన వచ్చి ఇంకా కాళ్లు కడుక్కోకముందే అమ్మ అడిగింది, "ఎంతుండె గా నిప్పుముద్ద?"

ఊరంతా తిరిగిన నాతో సహా, అప్పటిదాకా ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. వదిన రెండు చేతులూ గుండ్రంగా పట్టి చూపించింది. చూపిస్తూనే ఏడ్చింది.