వియ్యాలవారి నిండు చార్జింగు

2017 వేసవి. విజయనగరంలో కరెంటు కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండేవి. వాటిని బాగుచేసే షెడ్డు నాదొక్కటే. అలాంటి బండి గేటు దాటి వస్తుంటే నాకు ఆ పూట అన్నం కూడా గుర్తుండేది కాదు.

ఒక రోజు శృంగవరపుకోట రైతు సన్యాసినాయుడుగారు వచ్చారు. ఆయన కూతురు అరకు దారిలో కొండమీద అత్తవారింట్లో ఉంది. నెలలు నిండాయి, మర్నాడే పురిటికి తీసుకురావాలి. కుదుపు లేని బండి కనక తన కరెంటు కారులోనే తేవాలని ఆయన ఆశ.

“కొండెక్కినప్పుడు బానే ఉంటాది బాబూ. దిగినప్పుడే పట్టుండదు. బ్రేకు తొక్కి తొక్కి కాలు లాగేస్తాది, సక్రాల కాడ మాడు వాసనొస్తాది. ఈ బండిలో నా పిల్లని ఎక్కించనని మాయావిడ తెగేసి సెప్పేసింది.”

బ్రేకులు విప్పాను. ప్యాడ్లు మాడాయి, అంతకుమించి లోపం లేదు. కొత్తవి వేసి తిప్పితే బండి బుద్ధిగా ఆగుతోంది. నాకు ఒళ్లు మండింది. కొండమీద ఏం చేస్తారని కసిరినట్టే అడిగాను.

“ఏటి సేస్తాం, భోంసేస్తాం. మా వియ్యంకుడు బండిని చార్జింగుకి పెడతాడు. నిండేదాకా తియ్యనివ్వడు. గుమ్మంలోకొచ్చింది మనిషైనా బండైనా కడుపు నిండకుండా ఎల్లకూడదంటాడు.”

దొరికింది దొంగ. కరెంటు కారులో రీజెన్ అని ఒకటుంటుంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే మోటారే జనరేటరుగా మారి బండిని పట్టి ఆపుతుంది, పుట్టిన కరెంటును బ్యాటరీకి పంపుతుంది. బ్యాటరీ అంచుదాకా నిండి ఉంటే ఆ కరెంటు ఎక్కడికి పోవాలి? రీజెన్ పనిచేయదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

“రేపు పైన ఎనభై శాతం దగ్గర ప్లగ్గు తీయించండి,” అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. “వియ్యంకుణ్ణి వడ్డించొద్దనమంటావా? పిల్లనిచ్చినోళ్లం బాబూ. నువ్వొచ్చి సెప్పు.”

మర్నాడు ఆ దంపతులతో పాటు వెళ్లాను. నాకు మాత్రం ఆత్రం లేదా? నేను కూడా బండిలో కూర్చుంటేనే కూతుర్ని ఎక్కిస్తానంది నాయుడుగారి భార్య. పైన వియ్యంకుడు ప్లగ్గు మీద చెయ్యి వేయనివ్వలేదు.

“బండిని అర్ధాకలితో పంపితే మా పరువేటవుతాది?”

“మీ కోడలికి తొమ్మిదో నెల కదండీ. కంచం నిండా ఒకేసారి తినమంటారా?”

“ఆయాసపడిపోదూ,” అనేసి నాలిక కరుచుకున్నాడాయన. గుమ్మంలో ఆ అమ్మాయి నవ్వుతోంది. “నా కోసం తీసెయ్యండి మావయ్యా.” ఎనభై దగ్గరే ప్లగ్గు పీకేశాడు. ఆ లోటు తీర్చడానికి డిక్కీలో రెండు పనసకాయలు పెట్టించాడు.

తొలి మలుపులో నాయుడుగారు కాలు తీయగానే బండి తనంతట తనే నెమ్మదించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన పాదం బ్రేకు మీదికి ఎప్పుడో గాని పోలేదు. శృంగవరపుకోటలో దిగేసరికి మీటరు ఎనభై దాటి చూపిస్తోంది. ఎన్నిసార్లు చదివానో ఈ సంగతి, కళ్లారా చూడటం అదే మొదలు. “పెరిగిందండీ!” అని అరిచేశాను.

“అరవకు నాయినా,” అంది వెనక నుంచి నాయుడుగారి భార్య గుసగుసగా. “పిల్ల నిద్దరోయింది.”

చార్జింగు ఎంత పెట్టాలని ఎవరడిగినా అప్పటినుంచి ముందు దారి అడుగుతాను, ఎక్కుడా దిగుడా అని. దిగుడైతే కాస్త చోటు వదలమంటాను. వినకపోతే, తల్లి ఒళ్లో తలపెట్టుకుని కొండ దిగిన ఆ అమ్మాయి నిద్ర గురించి చెబుతాను.